లోతు గనిలో కూలింగ్: ఆరేళ్లు వాడాక

మా గనిలో పైన గాలినీ నీటినీ చల్లబరిచే పెద్ద చిల్లర్ ప్లాంటు, కింద అక్కడక్కడా స్పాట్ కూలర్లు (పనిచేసే చోటే గాలిని చల్లబరిచే చిన్న మెషిన్లు) ఉన్నాయి. ఆరేళ్లుగా రెండింటి మెయింటెనెన్సూ నాదే. ప్లాంటు మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. గొడవంతా స్పాట్ కూలర్లతోనే.

కింద రాయి వేడిగా ఉంటుందని అందరికీ తెలుసు. కిందికి దిగేకొద్దీ గాలి కూడా ఒత్తిడికి వేడెక్కుతుందని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. పొడిగాలికైతే కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు. అలాగని పైన చల్లబరచడం దండగ కాదు. చల్లబడినప్పుడు గాలిలోని తేమ నీరై కారిపోతుంది, పొడిగా దిగిన గాలికి ఒంటి మీద చెమట తొందరగా ఆరుతుంది. అందుకే మేం చూసేది వెట్ బల్బ్ రీడింగ్, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే వేడి. అది 28 డిగ్రీలు దాటిందంటే టెన్షన్ మొదలు.

ఇక స్పాట్ కూలర్. ఇది వేడిని మాయం చేయదు, ఒకచోట తీసి ఇంకోచోట పారేస్తుంది. పైగా కంప్రెసర్ తినే కరెంటు కూడా వేడిగానే బయటికొస్తుంది. ఆ వేడి బయటికి పోయే గాలిలో కలవాలి. మొదటి ఏడాది మా కండెన్సర్ (కూలర్‌లో వేడిని బయటికి వదిలే భాగం) వేడి తిరిగి లోపలికొచ్చే గాలిలోనే కలిసింది. అమ్మినవాళ్ల ఇంజినీరు గ్యాస్ తక్కువైందని రెండుసార్లు నింపి వెళ్లాడు. చివరికి మా ఫిట్టరే మలుపు దగ్గర చెయ్యి పెట్టి చూసి, విషయం కనిపెట్టాడు!

కాయిల్ (గాలిని చల్లబరిచే పైపుల చుట్ట) నెలకోసారి కడిగితే చాలన్నారు. డీజిల్ మసి, రాతిదుమ్ము కలిసి వారంలోనే అట్టకడుతుంది. చల్లనీటి పైపుల లాగింగ్ (చలువ పోకుండా చుట్టే పొర) సంగతి మరీ ఘోరం, లోడర్ తగిలి చిరిగిన ప్రతిచోటా చలువ కారిపోతున్నట్టే. దాన్ని మళ్లీ చుట్టించాక వచ్చిన తేడా, అంతకుముందు కొన్న అదనపు కూలర్‌తో కూడా రాలేదు.

ఇంకా లోతైన గనుల్లో నీటికి బదులు ఐస్ పంపుతారు. కిలో ఐస్ కరగడానికే 334 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటుంది, అదే కిలో నీరు 10 డిగ్రీలు వేడెక్కితే పీల్చేది 42 మాత్రమే. పైకి తోడాల్సిన నీరు బాగా తగ్గుతుంది. మా లోతుకు అంత అవసరం లేదు.

స్పాట్ కూలర్ శబ్దం గురించి ఏ బ్రోషర్‌లోనూ చదవలేదు. గని పైకప్పు కూలబోతూ చిటచిటలాడితే వినబడాలని మా పాతవాళ్లు అప్పుడప్పుడు మెషిన్ ఆపేసేవారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు దాన్ని 30 మీటర్లు వెనక్కి జరిపి డక్ట్ పొడిగించాం. చల్లదనం కాస్త తగ్గింది, కానీ ఇప్పుడెవరూ స్విచ్ ఆపడం లేదు.