మెమ్వార్ '44: గొడవంతా ‘ఎయిర్ పవర్’ కార్డుతోనే

ఆట బాగుంది, కొనుక్కోవచ్చు. ఇది ముందే చెప్పేస్తే మిగతా చోటంతా ఒక్క కార్డు గురించి రాసుకోవచ్చు.

రిచర్డ్ బోర్గ్ తయారుచేసిన మెమ్వార్ '44ను డేస్ ఆఫ్ వండర్ వాళ్లు 2004లో తెచ్చారు. ఇద్దరు ఆడే యుద్ధం ఆట, కథ రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంతో మొదలవుతుంది. ఆరు మూలల గళ్ల బోర్డు, ప్లాస్టిక్ సైనికులు, ట్యాంకులు, ఫిరంగులు. తిరుపతి తిలక్ రోడ్డులో ఒక షాపులో అడిగితే క్యారమ్ బోర్డు తీసి చూపించారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. రూల్స్ తేలిక. స్కూల్లో లెక్కలు చెప్పే నాకూ, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే మా బావకూ తొందరగానే పట్టుబడ్డాయి. మిద్దె మీద మాత్రం ఆడకండి, గాలికి కార్డులు పక్కింట్లో పడతాయి.

ఇక ఆ ‘ఎయిర్ పవర్’ కార్డు, అంటే విమానాల దాడి. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న శత్రువు గళ్లు నాలుగు వరకు ఎంచుకోవాలి. మిత్రరాజ్యాల వైపు ఆడేవాళ్లకు గడికి రెండు డైస్, జర్మన్లకు ఒక్కటే. డైస్ మీద ఆ యూనిట్ (ఒక గడిలో ఉన్న బొమ్మల గుంపు) గుర్తు, గ్రెనేడ్, నక్షత్రం, ఏది పడినా ఒక దెబ్బ, అంటే ఒక బొమ్మ పోయినట్టే. మామూలు కాల్పుల్లో నక్షత్రం వృథా, ఇక్కడ కాదు. జెండా పడితే ఆ యూనిట్ వెనక్కి తగ్గాలి.

‘ఆనుకుని’ అంటే ఏమిటి? మా బావ వాదన: “నాలుగూ ఒకదాన్నొకటి తగలాల. నువ్వు రైలుబండి మాదిరి వరసగా కొట్టుకుంటా పోతే ఎట్లా?” కానీ ఆరు మూలల గళ్లలో అన్నీ ఒకదాన్నొకటి తగిలేలా మూడే అమరుతాయి. నాలుగోదాన్ని ఎక్కడ పెట్టినా ఒకదానికైనా ఎడంగానే ఉంటుంది. బావ చెప్పిందే రూలైతే కార్డు మీద నాలుగు అని వేయడమే దండగ. కాబట్టి ప్రతి గడీ గుంపులో ఇంకొకదాన్ని తాకితే చాలు, మధ్యలో ఖాళీ గడి వస్తే గొలుసు అక్కడికి తెగినట్టే. పాత క్యాలెండర్ వెనక గీసి చూపించాక ఒప్పుకున్నాడు, మొహం మాడ్చుకుని.

రెండో తగువు, ఏ గడితో మొదలెట్టాలని. మేం పెట్టుకున్న పద్ధతి: లక్ష్యాలన్నీ ముందే వేలు పెట్టి చూపించాలి, వరస మాత్రం కొట్టేవాడి ఇష్టం. ఇందులో చాలా ఉంది. తగ్గడానికి చోటు లేకపోతే ఆ జెండాకు ఒక బొమ్మ పోతుంది కదా. అందుకని ముందు వరసలోవాళ్లను మొదట కొట్టాలి, వెనక గళ్లలో వాళ్ల మనుషులే అడ్డంగా ఉన్నప్పుడు.

డైస్‌కు ఆరు ముఖాల్లో సైనికులకు తగిలేవి నాలుగు, ట్యాంకులకు మూడు, ఫిరంగికి రెండే. రెండు బొమ్మలుండే ఫిరంగి యూనిట్ మీదికి రెండు డైస్‌తో విమానాలు పంపినా, రెండు బొమ్మలకూ దెబ్బ తగిలే అవకాశం తొమ్మిదిలో ఒకటి. నన్నడిగితే అప్పటికే ఒకటి రెండు బొమ్మలకు దిగిపోయి, దగ్గర దగ్గరగా నక్కిన సైనికుల మీద వాడాలి. ఎందుకంటే ఈ కార్డు వేస్తే ఆ వంతుకు ఇంకెవర్నీ కదిలించలేం.

“మీకు రెండు, మాకు ఒకటా?” అని జర్మన్ల వైపు కూర్చున్నప్పుడల్లా బావ గోల. అది అన్యాయమేమీ కాదు. 1944 వేసవికి నార్మండీ ఆకాశం మిత్రరాజ్యాలదే. జూలై 17న సాక్షాత్తూ జర్మన్ సేనాపతి రోమెల్ కారునే విమానాలు కాల్చి ఆయన్ను గాయపరిచాయి. ఇంత చరిత్రను ఒక్క డైస్ తేడాలో పెట్టడం నాకు భలే నచ్చింది.

నచ్చనిది, కింద ఉన్నవాడికి ఎదురుకాల్పులు లేకపోవడం. చెల్లాచెదురుగా నిలబడటం తప్ప చేసేదేం లేదు. విమానం బొమ్మలతో ఎయిర్ ప్యాక్ అని విడిగా ఒకటి వచ్చింది, దానికి రూల్స్ వేరే. బావ కొనమంటున్నాడు. నేను కొనను, ఈ ఒక్క కార్డు మీద తగువే ఇంకా తెమల్లేదు.