పాత అంబాసిడర్ ఇంజిన్ చేయించేవాళ్ళూ, పిస్టన్ డబ్బా మీద నంబరు చూసి సిలిండర్లకి బోర్ కొట్టించకండి

26,000 రూపాయలు పోయాయి. దానికంటే ఎక్కువ బాధ ఏమిటంటే, 1969 నాటి ఇంజిన్ బ్లాకుని నా తొందర కొద్దీ కోయించి పాడు చేసుకున్నాను. పాత కార్లకి ఆన్‌లైన్‌లో ఇంజిన్ సామాన్లు కొనేవాళ్ళు ఇది పూర్తిగా చదవండి. అమ్మినవాడి పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా వాడు ఇప్పటికే పేరు మార్చేశాడు. పేరు కంటే వాడి పద్ధతి తెలిస్తేనే మీకు ఉపయోగం.

బండి అంబాసిడర్ మార్క్ 2. నాన్న 1984లో తెనాలిలో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నారు. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. పన్నెండేళ్ళుగా షెడ్డులోనే పడి ఉంది. మాఘమాసంలో నాన్నకి సహస్ర చంద్ర దర్శనం చేద్దామనుకున్నాం. ఆ రోజు ఆయన్ని ఇదే కారులో మంగళగిరి తీసుకెళ్ళాలని నా ఆశ. ఆ ముహూర్తమే నా కొంప ముంచింది. అమ్మేవాడికి నేను చెప్పిన మొదటి మాటే "ఫలానా తేదీలోపు కావాలి" అని. అవసరం మనదని తెలిశాక అవతలివాడు ఎందుకు ఆగుతాడు?

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పించాం. ఎప్పుడో ఒకసారి 020కి బోర్ కొట్టి (సిలిండర్‌ని లోపల కోసి పెద్దది చేసి) ఉంది. ఇప్పుడు మూడో సిలిండర్‌లో గోరు తగిలితే ఆగేంత లోతు గీత ఉంది. 030కి పోదనీ, 040కి వెళ్ళాల్సిందేననీ బోర్ కొట్టే మేస్త్రి, మేం పిలిచే పేరు లేత్ బాబాయ్, తేల్చేశాడు. ఈ లెక్క తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చిన బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 73.025 మిల్లీమీటర్లు. 020 అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, మేస్త్రీల భాషలో ఇరవై థౌ. మిల్లీమీటర్లలో అర మిల్లీ పైచిలుకు, అంటే బోరు 73.53 అవుతుంది. 040కి వెళితే 74.04. మామూలుగా బజారులో దొరికే సైజుల్లో 040 ఆఖరిది. అది దాటితే బ్లాకుకి స్లీవ్‌లు (సిలిండర్ లోపల బిగించే కొత్త గొట్టాలు) వేయించుకోవాలి.

ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరిగాను. పిస్టన్లలో STD (కంపెనీ అసలు సైజు) ఉంది, 020 ఉంది, 040 లేదు. "పది రోజులు ఆగితే కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పిస్తా" అని ఒకాయన అన్నాడు. ఆగాల్సింది. ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే ఢిల్లీ కాశ్మీరీ గేట్ అడ్రసుతో ఒకడు కనపడ్డాడు. "అంబాసిడర్ 1489, 040, వాడని పాత స్టాకు, దేశంలో ఇదే ఆఖరి సెట్టు" అని పెట్టాడు. ఫోటోల్లో పిస్టన్లు పెళ్ళికూతురి వెండి గిన్నెల్లా మెరిసిపోతున్నాయి. పిస్టన్లు, రింగులు, గజన్ పిన్నులు (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపేవి) కలిపి 18,500, బేరింగుల సెట్టు 6,200, హెడ్ గ్యాస్కెట్ 1,300. మొత్తం ముందే యూపీఐలో కొట్టాలన్నాడు. కొట్టాను. జీఎస్టీ నంబరున్న బిల్లు పంపాడు కదా, ఇంకేం టెన్షన్ అనుకున్నాను.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. సామాను ఇంకా దారిలోనే ఉంది. లేత్ బాబాయ్‌కి ఫోన్ చేసి "040 ఖాయం, మీరు బోర్ కొట్టేయండి, ముహూర్తం దగ్గరపడుతోంది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పిస్టన్ చేతికి రాకుండా బోర్ కొట్టకూడదు బాబూ. పిస్టన్‌ని కొలిచి, దానికి తగ్గట్టు బోర్ కొడతాం గానీ, బోర్ కొట్టి పిస్టన్ కోసం వెతుక్కుంటామా?" అన్నాడు. నేనే పోరాను. డబ్బా ఫోటో పంపి, దాని మీద 040 అని ఉందిగా అని వాదించాను. చివరికి ఆయన "మీ బండి, మీ ఇష్టం" అని కొట్టాడు.

మూడో రోజు పార్సిల్ వచ్చింది. పిస్టన్ పైన 040 అని ముద్ర బాగానే ఉంది. బాబాయ్ మైక్రోమీటర్ పెట్టి చూసి ఏమీ మాట్లాడలేదు. ఇంకోటి తీశాడు, ఇంకోటి. నాలుగూ 73.4 చిల్లర. అంటే 020 పిస్టన్లు, అవీ వాడి అరిగినవి. మా బండిలోంచి తీసి మూల పడేసిన పాత పిస్టన్లకీ, నేను 18,500 పోసి కొన్నవాటికీ సైజులో తేడా లేదు! కొత్తగా కొట్టిన 74.04 బోరులో పెడితే గుడిగంట నాలుక ఊగినట్టు ఊగుతున్నాయి.

వెలుతురులోకి తెచ్చి చూశాక మోసం ఒక్కొక్కటే బయటపడింది. పిస్టన్ నెత్తిన పాత నంబరు గీకేసి, కొత్తగా పంచ్ కొట్టారు. ఆ చుట్టూ పళ్ళెంలా సన్నటి పల్లం ఉంది. ఏటవాలుగా టార్చి వేస్తేనే కనిపిస్తుంది. పెళ్ళికూతురి మెరుపు ఎక్కడిదంటే, గాజుపూసలతో బ్లాస్టింగ్ చేయించారు. దాంతో మసి, గీతలు అన్నీ పోయి కొత్త అల్యూమినియంలా కనిపిస్తుంది. కానీ రింగు గాడి అడుగున నల్లటి మసి మిగిలిపోయింది. పిన్ను రంధ్రం లోపల అరుగుదల మచ్చ ఉంది. మా వీధిలో బంగారం షాపు కాటా మీద తూచాను. బరువైన పిస్టన్‌కీ తేలికైనదానికీ 14 గ్రాముల తేడా వచ్చింది. ఒక సెట్టుగా తయారైనవి అంత తేడా రావు. నాలుగూ నాలుగు బళ్ళలోంచి ఏరినవన్నమాట. (కాటా మీద పిస్టన్లు పెట్టగానే ఆ షాపాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.)

బేరింగుల డబ్బా మీద 020 అని కొత్త స్టిక్కరు ఉంది, లోపలి షెల్లుల (బేరింగు రేకుల) వీపు మీద STD అని ఉంది. మా క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) అప్పటికే 020కి గ్రైండింగ్ అయి సన్నబడి ఉంది, STD షెల్లులు దానికి వదులు. అలాగే బిగించి ఉంటే ఆయిల్ ప్రెషర్ నిలిచేది కాదు, ఇంజిన్ మొదటి రోజే కొట్టుకునేది. హెడ్ గ్యాస్కెట్ కవర్ లోపలి కాగితం మీద డీజిల్ అని ఉంది.

ఈ డీజిల్ గోల చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. 1980 నుంచి వచ్చిన అంబాసిడర్ డీజిల్ ఇంజిన్ కూడా 1489 సీసీయే. రెండూ బ్రిటన్ నుంచి వచ్చిన బీ సిరీస్ కుటుంబమే, బోరు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఒకటే. అందుకే "1489 సామాను" అని అడిగితే ఏదైనా అంటగట్టొచ్చు. ఆ తర్వాత ఇసుజు ఇంజిన్లు వచ్చాయి. 1817 సీసీ పెట్రోల్ ఇంజిన్ బోరు 84 మిల్లీమీటర్లు, మన ఇంజిన్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. కాబట్టి "అంబాసిడర్ పిస్టన్" అని ఎప్పుడూ అడగకండి. 1489 పెట్రోల్ అని చెప్పి, బోరు మిల్లీమీటర్లలో చెప్పి, మీ పాత పిస్టన్ ఫోటో పంపి అడగండి. పిన్ను మందం, పిన్ను మధ్య నుంచి పిస్టన్ నెత్తి వరకు ఎత్తు, రింగు గాడుల వెడల్పు కూడా పాతదాంతో సరిపోవాలి. బోరు ఒక్కటే కలిస్తే చాలదు.

ఫోన్ చేస్తే మొదట "మీ మేస్త్రికి కొలవడం రాదు" అన్నాడు. నిజమే, కొలిచే చోటు తప్పితే లెక్క తప్పుతుంది. పిస్టన్ సరిగ్గా గుండ్రంగా ఉండదు. నెత్తి దగ్గర సన్నం, కింద స్కర్ట్ దగ్గర లావు. పిన్నుకి అడ్డంగా, స్కర్ట్ మీద కొలవాలి. బాబాయ్ అక్కడే కొలిచాడు. ఆ వీడియో పంపాను. అప్పుడు "ముందు సామాను వెనక్కి పంపండి, చూసి డబ్బులు వేస్తా" అన్నాడు. పంపలేదు. ఈ మొత్తంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అదే. పంపి ఉంటే చేతిలో సాక్ష్యం కూడా ఉండేది కాదు. రెండు రోజుల తర్వాత నంబరు బ్లాక్ చేశాడు.

అప్పుడు బిల్లు మీది జీఎస్టీ నంబరుని జీఎస్టీ పోర్టల్‌లో వేసి చూశాను. బట్టల వ్యాపారం చేసే వేరే ఎవరిదో వచ్చింది. అక్కడ ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. అర నిమిషం పని. డబ్బు పంపే ముందు చేయాల్సిన అర నిమిషం. ఢిల్లీలో ఉండే మా కజిన్ ఆ అడ్రసుకి వెళ్ళాడు. ఆ నంబరు షాపు ఉంది గానీ, అందులో లారీ హారన్లు అమ్ముతున్నారు. వాళ్ళకి వీడెవడో తెలియదు. కాశ్మీరీ గేట్ మార్కెట్‌ని నేను తప్పుపట్టడం లేదు, అక్కడ తరాలుగా నిజాయతీగా వ్యాపారం చేస్తున్నవాళ్ళున్నారు. ఆ మార్కెట్‌కున్న పేరునే వీడు వాడుకున్నాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాను, సైబర్ మోసాల నంబరు 1930కి కూడా చేశాను. 1930కి డబ్బు పోయిన గంటల్లోనే చేస్తే ఉపయోగం ఎక్కువ. నేను వారం ఆలస్యంగా మేల్కొన్నాను, ఈలోపు ఆ ఖాతా ఖాళీ. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, ఢిల్లీ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. డబ్బు వస్తుందని ఆశ లేదు గానీ, కాగితం మీదైనా ఉండాలి.

మధ్యలో ఒక మేస్త్రి "ఈ గొడవంతా ఎందుకు, నడుస్తున్న డీజిల్ ఇంజిన్ ఎక్కించేద్దాం" అన్నాడు. నోరూరింది గానీ, ఒప్పుకోలేదు. మీరూ తొందరపడి మార్చకండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో 50 ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టారు. నంబరులో VA అని వస్తుంది, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఛాసీ, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఇంజిన్ మార్చామంటే ఆ దారి మూసుకున్నట్టే.

చివరికి మా బ్లాకుకి నాలుగు స్లీవ్‌లు వేయించి, బోరుని మళ్ళీ మొదటి 73.025కి తెచ్చాం. ఇంకో 11,000 అయింది. బ్లాకు అదే, దాని మీది నంబరూ అదే. STD పిస్టన్లు ఎక్కడ దొరికాయనుకున్నారు? ఆటోనగర్‌లో నేను మొదటి రోజు తిరిగిన నాలుగు షాపుల్లో రెండోదాంట్లో. డబ్బా విప్పి, లేత్ దగ్గరికి తీసుకెళ్ళి కొలిపించుకుని, సరిపోతేనే డబ్బులివ్వమన్నాడు ఆ షాపాయన. ఈసారి పిస్టన్లు బల్ల మీద పెట్టాకే బాబాయ్ మెషిన్ ఆన్ చేశాడు. ప్రతి రింగునీ బోరులోకి నెట్టి కొసల మధ్య సందు చూశాడు. అంగుళం బోరుకి మూడు నాలుగు థౌల లెక్కన మన ఇంజిన్‌కి పది థౌల చుట్టుపక్కల రావాలి, వచ్చింది.

సహస్ర చంద్ర దర్శనానికి నాన్న మా బావమరిది ఇన్నోవాలో వెళ్ళారు. అంబాసిడర్ ఆ తర్వాత ఇరవై రోజులకి స్టార్టయింది.

ఇంకొక్క సంగతి. నిన్న రాత్రి అదే ఫోటో మళ్ళీ కనిపించింది. పేరు కొత్తది, ఊరు కొత్తది, ఈసారి "ఫియట్ 1100, 040" అట. పిస్టన్ల కింద ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు, కుడి మూల తెల్ల ప్లాస్టిక్ స్టూలు కాలు, రెండో పిస్టన్ పక్కన నూనె మరక. ఆ ఫోటో ఎక్కడ కనపడినా ఆగండి. ఈరోజు పేపరు పక్కన పెట్టి, స్కర్ట్ మీద మైక్రోమీటర్ ఆనించి వీడియో తీసి పంపమని అడగండి. నేను వేరే నంబరు నుంచి అడిగాను. మెసేజ్ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.