ఇంక్లూడ్లు కలిపే ఎక్స్‌టెన్షన్: ఎనిమిది నెలలు వాడాక

రుషికొండ ఐటీ హిల్ మీద మా టీమ్ చూసేది పాత సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు. ఒక్క హెడర్ (మిగతా ఫైళ్లు ఇంక్లూడ్ లైన్‌తో తమలోకి తెచ్చుకునే ఫైలు) ముట్టుకుంటే సగం కోడ్ మళ్లీ కంపైలవుతుంది, కిందికెళ్లి టీ తాగొచ్చినా ఇంకా నడుస్తూనే ఉంటుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఇంక్లూడ్ లైన్లు తనే కలిపే ఎక్స్‌టెన్షన్ అప్పటికే వాడుతున్నాను, అందులో ఫార్వర్డ్ డిక్లరేషన్ (హెడర్ మొత్తం తెచ్చుకోకుండా టైపు పేరు మాత్రం ముందే చెప్పడం) ఆప్షన్ వచ్చిందనగానే ఆన్ చేసేశా.

పని బాగానే చేస్తుంది. హెడర్‌లో ఒక టైపుని పాయింటర్‌గానో రెఫరెన్స్‌గానో (అంటే అసలు వస్తువు కాక, అదెక్కడుందో చూపేదిగా) మాత్రమే వాడితే పైన ‘క్లాస్ క్రేన్;’ అని ఒక్క లైన్ రాసి, అసలు ఇంక్లూడ్‌ని, కోడ్ ఉండే సీపీపీ ఫైల్లోకి పంపుతుంది. నేమ్‌స్పేస్ (పేర్లని గుంపుగా ఉంచే బ్లాక్) తెరిచి మూసే చాకిరీ కూడా దానిదే. క్రేన్ హెడర్ యార్డ్‌ని, యార్డ్ హెడర్ క్రేన్‌ని పిలుచుకునే పాత ముడి ఒకటి మాకుండేది, అది దీనితోనే విడిపోయింది.

నన్ను ఏడిపించింది మాత్రం యూనిక్ పాయింటర్, అంటే తను పట్టుకున్న వస్తువుని చివర్లో తనే చెరిపేసే పాయింటర్. మెంబర్‌గా అది ఉన్న క్లాస్‌లో కూడా ఇంక్లూడ్ తీసేసి ఫార్వర్డ్ డిక్లరేషన్ పెట్టింది. డిస్ట్రక్టర్ (వస్తువు పోయేటప్పుడు నడిచే ఫంక్షన్) నేను రాయలేదు కాబట్టి కంపైలరే తయారు చేసుకుంది, అక్కడ టైపు పూర్తిగా తెలియక ఎర్రర్ ఎక్కడో సంబంధం లేని ఫైల్లో, స్టాండర్డ్ లైబ్రరీ లోపల తేలింది. రెండు గంటలు పోయాయి. హెడర్‌లో డిస్ట్రక్టర్ డిక్లేర్ చేసి, సీపీపీలో ‘ఈక్వల్స్ డీఫాల్ట్’ అని పెట్టాక కుదిరింది. తప్పు దానిదే అనలేను, ఈ సంగతి నాకూ తెలిసుండాలి. అయినా ఒక హెచ్చరిక చూపిస్తే దాని సొమ్మేం పోయింది?

ఇంకోటి, స్ట్రక్ట్‌గా రాసిన టైపుని డిక్లరేషన్‌లో క్లాస్ అని రాసేస్తుంది. క్లాంగ్ కంపైలర్‌లో ఆ హెచ్చరిక ఆప్షన్ ఆన్‌లో ఉంటే వార్నింగ్‌తో పోతుంది గానీ, మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఆ రెండింటికీ సింబల్ పేర్లు వేరుగా తయారవుతాయి, కంపైలైన ముక్కల్ని కలిపే లింకింగ్‌లో కొంప మునిగే అవకాశం ఉంది.

మా టీమ్‌లో గాజువాక నుంచి వచ్చే కుర్రాడు మాత్రం ‘గూగుల్ స్టైల్ గైడ్ వీలైనంతవరకు ఫార్వర్డ్ డిక్లరేషన్లు వద్దంటుంది అన్నా’ అని రోజూ గుర్తు చేస్తాడు. వాడి బిల్డ్ వాడిది.

నేనైతే సేవ్ కొట్టగానే దానంతటదే మార్చే ఆప్షన్ ఆపేసి, కావాలనుకున్న చోట షార్ట్‌కట్‌తో పిలుస్తున్నాను. వాడకం తీసేశాక మిగిలిపోయిన డిక్లరేషన్లని ఏరిపారేయడం మాత్రం దీనికి ఇంకా రాదు, నిన్న కూడా ఒక హెడర్‌లో నాలుగు చేత్తోనే చెరిపాను.