ఇంటి బీపీ యంత్రం: అంకె సరైనదే, ఎంచుకునే మనసే పేచీ

ఇంట్లో వాడుకునే డిజిటల్ బీపీ యంత్రాల సమీక్షల్లో బ్యాటరీ ఎంతకాలం వస్తుంది, తెర ఎంత పెద్దది అనే విషయాలే ఎక్కువగా కనిపిస్తాయి. నాన్నగారి కోసం రెండు వేల రూపాయల లోపు ధరకు కొన్న ఒక సాధారణ యంత్రాన్ని నేను ఇక్కడ మరో కొలబద్దతో పరిశీలిస్తున్నాను: కొలిచే మనిషి తనకు నచ్చిన అంకెను ఎంచుకోకుండా ఇది ఎంతవరకు అడ్డుపడుతుంది? ఈ ధరలో దొరికే యంత్రాల తీరు చాలావరకు ఒకటే కాబట్టి కంపెనీ పేరు చెప్పడం లేదు.

రక్తపోటు కొలతలో ఈ పేచీ పాతదే. ఇటలీ వైద్యుడు రివా-రోచి 1896లో చేతిపట్టీతో, పాదరసపు గొట్టంతో కొలిచే పద్ధతిని తెచ్చాడు. రష్యా వైద్యుడు కొరొత్కోవ్ 1905లో స్టెతస్కోపుతో ధమని చప్పుడు విని పై అంకెనూ కింది అంకెనూ గుర్తించే మార్గం చూపాడు. పాదరసం దిగుతూ ఉండగా చప్పుడు మొదలైన చోటును కంటితో పట్టుకోవలసింది మనిషే కావడం వల్ల, గొట్టం మీద రెండేసి మిల్లీమీటర్లకు ఒక గీత ఉన్నా, రికార్డుల్లో 120, 130, 140 వంటి సున్నాతో ముగిసే అంకెలు ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువగా చేరేవి. శిక్షణ పొందినవారి చూపు కూడా తెలియకుండానే గుండ్రటి అంకెల వైపు జారేది కాబట్టి దీన్ని ఒట్టి అజాగ్రత్త అనలేము. అందుకే 1970 ప్రాంతంలో పరిశోధకుల కోసం ఒక చిత్రమైన పరికరం వచ్చింది. అందులో సున్నా స్థానం ప్రతిసారీ కొంత పక్కకు జరిగేది. ఎంత జరిగిందో కొలిచేవారు తమ అంకె రాసుకున్న తరువాతే చూసి, ఆ మేరకు తీసివేసేవారు. తన కన్నును తానే నమ్మలేక మనిషి చేసుకున్న ఇంత నిజాయతీ గల ఏర్పాటు వైద్యంలో అరుదని నా అభిప్రాయం.

పట్టీలో గాలి ఒత్తిడి అదురును పసిగట్టి లెక్క కట్టే డిజిటల్ యంత్రం 137ను 137గానే చూపిస్తుంది కాబట్టి ఆ పాత పొరపాటు ఇక్కడ లేదు, ఈ విషయంలో దానికి పూర్తి మార్కులు. అయితే పొరపాటు మాయం కాలేదు, చోటు మారింది. మొదటిసారి 152 వస్తే నాన్నగారు ‘‘ఇప్పుడే మెట్లెక్కి వచ్చాను కదరా, మళ్లీ చూడు’’ అంటారు. రెండోసారి 146 వస్తే పట్టీ వదులుగా ఉందంటారు. మూడోసారి 134 వస్తే అదే పుస్తకంలోకి ఎక్కుతుంది. మెట్లెక్కితే రక్తపోటు పెరగడం నిజమే, పట్టీ సరిగా లేకపోతే అంకె మారడమూ నిజమే. చిక్కల్లా మొదటిసారే 128 వచ్చిన రోజున మెట్ల గురించి ఎవరూ అడగకపోవడంలో ఉంది. పైగా, బాగా ఎక్కువగా వచ్చిన అంకె తరువాత వచ్చేది చాలాసార్లు తనంతట తానే కొంత తగ్గుతుంది కాబట్టి, మధ్యలో తాగిన గ్లాసు మజ్జిగకు ఆ ఘనత దక్కుతుంది.

మనసు ఒకసారి నచ్చిన నిర్ణయానికి వచ్చాక అనుకూలమైన వాటినే పోగుచేసుకుంటుందని, వ్యతిరేకమైన వాటిని ఏదో సాకుతో పక్కన పెడుతుందని ఇంగ్లీషు తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే రాశాడు. మొక్కుకుని ఓడ ప్రమాదం నుంచి బయటపడినవారి చిత్రాలను గుడిలో చూపించినప్పుడు, మొక్కుకుని కూడా మునిగిపోయినవారి చిత్రాలు ఎక్కడని ఒకడు అడిగిన పాత కథను ఆయన అక్కడ గుర్తుచేస్తాడు. మా బీపీ పుస్తకంలోనూ మునిగిన అంకెలు లేవు.

ఈ దృష్టితో చూస్తే యంత్రంలో నాకు బాగా నచ్చినది దాని జ్ఞాపకశక్తి. వచ్చిన ప్రతి అంకెనూ తేదీతో, సమయంతో దాచుకుంటుంది. చెరిపితే అన్నీ చెరపాలి తప్ప నచ్చనిదాన్ని ఒక్కదాన్నే తీసేయడానికి వీలు లేదు. డాక్టరుగారికి పుస్తకానికి బదులు యంత్రాన్నే చూపడం మేలు. నచ్చనిది పక్కనున్న రంగు దీపం. ఇంట్లో కొలిచినప్పుడు సాధారణంగా 135/85 దాటితే ఎక్కువగా లెక్కిస్తారు. యంత్రానికే రెండు మూడు అంకెల తేడా సహజం కాగా, 134కు పచ్చ, 136కు పసుపు చూపించడం లేని తేడాను కళ్లకు కడుతుంది. అంకె వెంటనే తెర మీద పడటం కూడా నా దృష్టిలో లోపమే. 2015లో ఫలితాలు వెలువడిన స్ప్రింట్ అనే అమెరికా రక్తపోటు అధ్యయనంలో ఐదు నిమిషాల విశ్రాంతి తరువాత యంత్రమే మూడుసార్లు కొలిచిన అంకెల సగటును తీసుకున్నారు. వరుసగా మూడుసార్లు కొలిచి సగటు చెప్పే యంత్రాలు ఇళ్లకూ దొరుకుతున్నాయి. కాస్త ఎక్కువ ధర పెట్టగలిగినవారు వాటినే తీసుకోవాలి.

ఈ చవక యంత్రంతోనే సరిపెట్టుకునేవారు కొలిచే పద్ధతిని అంకె చూడకముందే కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి: ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా, మాట్లాడకుండా కూర్చోవడం, చేతిని గుండె ఎత్తులో బల్లపై ఉంచడం, ఉదయం, సాయంత్రం ఒక నిమిషం తేడాతో రెండేసిసార్లు వారం రోజులు కొలిచి, మొదటి రోజును వదిలేసి మిగిలిన అన్నింటి సగటు తీయడం. మా ఇంట్లో ఈ కాగితం అంటించాక వాదనలు తగ్గాయి, సగటు మాత్రం నాన్నగారు ఆశించిన దానికన్నా పైనే ఉంది.

గుండె లయ తప్పి కొట్టుకునేవారికి ఈ తరహా యంత్రాల అంకె నమ్మదగినది కాకపోవచ్చు కనుక వారు డాక్టరును అడిగిన తరువాతే కొనాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువగా వస్తుంది. కొనేముందు టేపుతో పైచేతి చుట్టుకొలత చూసుకుని, పెట్టె మీద రాసిన పరిధిలో ఉంటేనే తీసుకోండి.