కోరంగి మేలా, భితర్‌కనికా మేలా? ముందు తిథి చూసుకోండి

చలి మొదలైతే చాలు, తెలిసినవాళ్ళంతా ఇదే అడుగుతారు, "శని ఆదివారాలు కలిసొచ్చాయి, మడ అడవులు చూసొద్దామనుకుంటున్నాం, మన కోరంగి పోదామా, ఒడిశా భితర్‌కనికా దాకా వెళ్దామా?" అని. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఒక మాట, నేషనల్ పార్కే చూడాలి అనుకునేవాళ్ళకి అసలు ఛాయిస్ లేదు. ఆంధ్రాలో సముద్రం ఒడ్డున నేషనల్ పార్కు లేదు, పాపికొండలు, శ్రీ వెంకటేశ్వర లాంటివి ఉన్నాయిగానీ అవి కొండ అడవులు. కోరంగి 1978లో అభయారణ్యం అయింది, ఇప్పటికీ అభయారణ్యమే. భితర్‌కనికాలో లోపలి 145 చదరపు కిలోమీటర్లని 1998లో నేషనల్ పార్కు చేశారు. కానీ వెళ్ళి చూసేవాళ్ళకి ఆ పేరుతో పెద్దగా తేడా ఏం ఉండదు, కోరంగిలో కూడా మడ అడవి మడ అడవే, అదీ గోదావరి మొగల్లో పెరిగిన అడవి.

అందరూ దూరం, ఖర్చు, రూమ్ ఎలా ఉంటుంది, ఇవే లెక్కేసుకుంటారు. అవి చూడొద్దని అనను. కానీ నా లెక్కలో అసలు విషయం ఆటుపోట్లు. ఈ రెండు చోట్లా మీరు అడుగుపెట్టే టైమ్‌కి నీళ్ళు ఎక్కడున్నాయి అన్నదాన్ని బట్టే మీ ట్రిప్ ఉంటుంది, అదే అడవి అదే పడవ అయినా పొద్దున వెళ్ళినవాళ్ళు చూసేది వేరు సాయంత్రం వెళ్ళినవాళ్ళు చూసేది వేరు, ఈ సంగతి టికెట్లు బుక్ చేసుకునేటప్పుడు ఎవరూ ఆలోచించరు, అక్కడికెళ్ళాక జెట్టీ దగ్గర నిలబడి తెలుసుకుంటారు.

కోరంగి సంగతి చూడండి. అక్కడ చెక్క వంతెన మీద అడవిలోకి నడవడం ఒకటి, చివర పడవ ఎక్కి పాయలోకి వెళ్ళడం ఒకటి. పడవ పోటు మీదే, అంటే నీళ్ళు ఎక్కినప్పుడే నడుస్తుంది. నీరు లాగేస్తే పాయలో బురదే, పడవ కదలదు. హైదరాబాద్ నుంచి రాత్రంతా రైల్లో వచ్చి పొద్దున్నే ఆటు టైమ్‌కి చేరితే పడవ లేదంటారు. అలాగని ఆటు టైమ్ వేస్టేం కాదు, నిజానికి వంతెన మీద నడవడానికి అదే మంచి టైమ్. వంతెన కింద బురదలో మడ చెట్ల ఊపిరి వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి, వాటి మధ్య గోళీ అంత పీతలు, మగవాటికి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది, దాన్ని ఎత్తి ఊపుతూ ఉంటాయి. మీ నీడ పడగానే అన్నీ ఒక్కసారి బొరియల్లో దూరిపోతాయి, కదలకుండా ఓ రెండు నిమిషాలు నిలబడితే మళ్ళీ ఒక్కొక్కటే వస్తాయి. బురద చేపలు కూడా అంతే, నీళ్ళు లేకపోయినా రెక్కల మీద పాకుతూ గెంతుతుంటాయి. పిల్లలు గంటసేపు అక్కడే కూర్చుండిపోతారు. పోటు ఎక్కితే ఇవేవీ కనిపించవు. అంటే కోరంగిలో పూర్తిగా చూడాలంటే ఆటుకి నడక, పోటుకి పడవ, రెండూ దొరికేలా ఒక పూట కాదు ఒక రోజు పెట్టుకోవాలి. బావురు పిల్లి కనిపిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, అది రాత్రి తిరిగేది. నీటికుక్కలు కొందరికి పొద్దున్నే కనిపిస్తాయి.

భితర్‌కనికాలో లెక్క తిరగబడుతుంది. అక్కడికి జనం వెళ్ళేది ఉప్పునీటి మొసళ్ళ కోసం. 1975లో డాంగ్‌మాల్‌లో మొసళ్ళ పెంపకం మొదలుపెట్టినప్పుడు అక్కడి అడవిలో వంద కూడా లేవు, ఈమధ్య లెక్కల్లో 1,800 దాటాయి. అన్ని ఉన్నా పోటు నిండుగా ఉన్నప్పుడు వెళ్తే మీకు నీళ్ళ మీద రెండు కళ్ళు, ముక్కు కొన కనిపిస్తాయి, అంతే. ఆటుకి రెండు ఒడ్లూ బురద గట్లు తేలతాయి, చలికాలం ఎండ కోసం మొసళ్ళు ఆ గట్ల మీదకి ఎక్కుతాయి. గట్టు మీంచి నీళ్ళలోకి జారిన చోట బురద నున్నగా పూత పూసినట్టు మెరుస్తుంది, ఆ జారుడు ఎక్కడుందో చూస్తూ వెళ్తే చుట్టుపక్కల మొసలిని మీరే పట్టేస్తారు. నోరు తెరుచుకుని కదలకుండా పడుకున్న పదిహేనడుగుల మొసలి ముందు ఇంజన్ ఆపి పడవ ఊరికే తేలుతుంటే పడవలో ఒక్కరూ మాట్లాడరు. కోరంగిలో ఇలాంటిది లేదు. చెయ్యి మాత్రం నీళ్ళలో పెట్టకండి, పిల్లల్ని అంచున కూర్చోబెట్టకండి, అక్కడ ఊళ్ళవాళ్ళు మొసళ్ళ వల్ల నిజంగానే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

ఇప్పుడు తిథి సంగతి. ఆటుపోట్లు చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి, అందుకే తిథి చూడమన్నది. పౌర్ణమికీ అమావాస్యకీ మా విశాఖ, కాకినాడ తీరంలో సుమారుగా పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో పోటు నిండుతుంది, మధ్యాహ్నం మూడుకి అటూ ఇటూగా ఆటు. తర్వాత రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యం అవుతూ పోతుంది. కాబట్టి కోరంగి పడవకి పౌర్ణమి లేదా అమావాస్య నుంచి చవితి పంచమి దాకా వచ్చే వీకెండ్ బాగుంటుంది, పోటు పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య పడుతుంది. భితర్‌కనికాకి దశమి నుంచి ద్వాదశి మధ్య పడే వీకెండ్ వెతకండి, ఆటు మిట్టమధ్యాహ్నం దగ్గర పడుతుంది, నది లోపలికి ఇంకాస్త లేటుగా చేరుతుంది, అంటే ఎండ బాగా కాసే టైమ్‌కి గట్లు బయటపడి ఉంటాయి. అష్టమి దగ్గర ఆటుపోట్లు నీరసంగా ఉంటాయి, గట్లు అంతగా తేలవు. ఇది నోటి లెక్కే, కచ్చితమైన టైమ్ కావాలంటే మన హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ (INCOIS) సైట్లో టైడ్ అంచనాలు ఉంటాయి, కోరంగికి కాకినాడ, భితర్‌కనికాకి దాని పక్కనున్న ధామ్రా రేవు చూసుకోండి.

ప్రయాణం దగ్గర కోరంగిదే పైచేయి, అందులో వాదన లేదు. విశాఖ నుంచి కాకినాడ కారులో మూడు మూడున్నర గంటలు, హైదరాబాద్ వాళ్ళకి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున కాకినాడ, అక్కడి నుంచి యానాం రోడ్డులో అరగంట పైన. భితర్‌కనికాకి విశాఖ నుంచి రాత్రి కోరమాండల్‌లో భద్రక్ దిగి, అక్కడి నుంచి చాంద్‌బాలీ దాకా యాభై కిలోమీటర్ల పైన రోడ్డు, ఆ తర్వాత పడవ. హైదరాబాద్ నుంచైతే ఫ్లైట్‌లో భువనేశ్వర్ దిగి కారులో నాలుగు గంటలు అనుకోండి. శనివారం మధ్యాహ్నానికి చేరి, రాత్రి డాంగ్‌మాల్‌లోనో గుప్తీలోనో ఫారెస్ట్ వాళ్ళ క్యాంపులో పడుకుని, ఆదివారం కూడా ఒకసారి పడవ ఎక్కి వస్తేనే అంత దూరం వెళ్ళినందుకు ఫలితం. చాంద్‌బాలీలో రూమ్ తీసుకుంటే రానూపోనూ నది మీదే సగం రోజు పోతుంది. భోజనం సాదాగా ఉంటుంది, అన్నం, పప్పు, చేపలు, మందులూ చిరుతిళ్ళూ మీరే పట్టుకెళ్ళండి, ప్లాస్టిక్ వద్దంటారు.

నన్ను ఒకటే చెప్పమంటే భితర్‌కనికా అనే అంటా, శుక్రవారం రాత్రి బయల్దేరి సోమవారం పొద్దున దిగగలిగేవాళ్ళకైతే ఇంకో ఆలోచన వద్దు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు, చిన్నపిల్లలు ఉంటే కోరంగి, మరో మాట లేదు, పడవల్లోకి ఎక్కి దిగే అవస్థ తక్కువ, అలసిపోతే గంటలో కాకినాడ హోటల్లో ఉంటారు. పైగా కోరంగి మనవాళ్ళ చరిత్ర ఉన్న చోటు, 1839 తుఫానుకి దెబ్బతినేదాకా అది పెద్ద ఓడరేవు, బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవాళ్ళు. పిల్లలకి ఆ కథ చెప్పి తీసుకెళ్ళండి.

చిలికా కూడా అడుగుతారు, పక్షులకైతే మంగళాజోడి చాలా బాగుంటుంది, మడ అడవి మాత్రం కాదు. పులికాట్, నేలపట్టు చెన్నై, నెల్లూరు వాళ్ళకి దగ్గర. సుందర్‌బన్స్ మనకి రెండు రోజుల్లో అయ్యే పని కాదు. తాబేళ్ళ కోసం భితర్‌కనికా పక్కనున్న గహిర్‌మాథా తీరానికి వెళ్దామనేవాళ్ళు గుడ్లు పెట్టే సీజన్లో అక్కడికి టూరిస్టుల్ని పంపరని గుర్తుపెట్టుకోండి.

భితర్‌కనికా మే నుంచి జూలై దాకా మొసళ్ళు గుడ్లు పెట్టే కాలమని మూసేస్తారు, జనవరిలో మొసళ్ళ లెక్క తీసే కొన్ని రోజులు కూడా లోపలికి రానివ్వరు, ఆ తేదీలు ఏడాదికోరకంగా ఉంటాయి. సంక్రాంతి సెలవలకి ప్లాన్ చేసుకునేవాళ్ళు రైలు టికెట్ కంటే ముందు ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చేసి, పార్కు తెరిచి ఉంటుందన్నాకే బుక్ చేసుకోండి.