షాపు వాళ్ల క్యాష్‌బ్యాక్ కార్డు: నా ఏడాది నోటుబుక్కు ఏం చెప్పిందంటే

పోయినేడు దసరా ముందు నెల్లూరులో ఒక పెద్ద సూపర్ మార్కెట్లో వెచ్చాలు తీసుకుని బయటికి వస్తుంటే, తలుపు పక్కనే టేబుల్ వేసుకుని కూర్చున్న పిల్లాడు "మేడం, ఒక్క నిమిషం మేడం" అని ఆపేశాడు. టేబుల్ మీద హాట్ బాక్సులు వరసగా పేర్చి ఉన్నాయి. మా షాపు కార్డు తీసుకోండి మేడం, ఇక్కడ కొన్న ప్రతి దాని మీదా 5 శాతం వెనక్కి వస్తుంది, బయట వాడినా 1 శాతం, ఇప్పుడు అప్లై చేస్తే హాట్ బాక్స్ ఫ్రీ అన్నాడు. చేతిలో రెండు సంచులు, స్కూటీ ఎండలో, అయినా నిలబడిపోయాను. ఆ హాట్ బాక్స్ మూత మూడో నెలకే సరిగ్గా బిగుసుకోవడం మానేసిందన్న సంగతి అట్టా ఉంచండి, కార్డు సంగతి చెప్తాను.

షాపు పేరు, దానితో కలిసి ఈ క్రెడిట్ కార్డు ఇచ్చే బ్యాంకు పేరు రాయడం లేదు. నేను నెల వెచ్చాలు నోటుబుక్కులో రాసుకునే మనిషిని, మా అమ్మ దగ్గర వచ్చిన అలవాటు, బిల్లులు కూడా దాంట్లోనే అంటిస్తాను. కాబట్టి ఊహించి చెప్పేది ఏమీ లేదు, పన్నెండు నెలల లెక్క ముందర పెట్టుకునే రాస్తున్నాను.

ముందు క్యాష్‌బ్యాక్ అనే మాట చూద్దాం. క్యాష్ రాదు. వచ్చేది పాయింట్లు, ఒక పాయింటు ఒక రూపాయి, కానీ ఆ షాపులోనే ఖర్చు పెట్టాలి. 500 దాటితేనే వాడుకోనిస్తారు, ఏడాదిలో వాడకపోతే పోతాయి. అంటే మన డబ్బు మనకే ఇస్తూ, మళ్లీ మా కొట్లోనే కొనమంటున్నారు. ఇది ఈ ఒక్క కార్డు తీరు కాదు లెండి. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డులో వచ్చేది అమెజాన్ పే బ్యాలెన్స్ లోకే పోతుంది, టాటా న్యూ కార్డులో వచ్చే న్యూకాయిన్లు అనే పాయింట్లు వాళ్ల షాపుల్లో, వాళ్ల యాప్‌లోనే చెల్లుతాయి. అయితే అమెజాన్ దానికి ఏడాది ఫీజు లేదు, అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం ఉన్నవాళ్లకు అమెజాన్ కొనుగోళ్ల మీద 5 శాతం, లేనివాళ్లకు 3 శాతం ఇస్తారు. ఫీజు లేని కార్డు బీరువాలో పడున్నా నష్టం లేదు. నాదాని ఫీజు ఏడాదికి 499, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి రూ.588.82, మొదటి బిల్లులోనే పడింది. పిల్లాడు ఈ మాట చెప్పాడా అంటే చెప్పాడు, కాకపోతే లక్షన్నర వాడితే తిరిగి ఇచ్చేస్తారు మేడం, మీకు పడనట్టే అని నవ్వుతూ చెప్పాడు.

రెండోది నాకు దసరా నెల బిల్లు వచ్చేదాకా అర్థం కాలేదు. ఆ నెల అత్తగారి వైపు వాళ్లందరూ వచ్చారు, షాపులో రూ.14,600 అయింది. 5 శాతం అంటే 730 రావాలి కదా. వచ్చింది 350. యాప్‌లో వెతికితే ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, నెలకు గరిష్ఠంగా 350 పాయింట్లే అని. అంటే ఏడు వేలు దాటి ఎంత కొన్నా ఆ పైదానికి సున్నా. ఏడాది మొత్తానికి ఆ షాపులో నేను కొన్నది రూ.88,400. 5 శాతం లెక్కన 4,420 రావాలి, ఈ హద్దు వల్ల 3,610 వచ్చింది. మందుల షాపు, బట్టలు అన్నీ కలిపి బయట 41,000 వాడితే 410. మొత్తం 4,020 పాయింట్లు.

పెట్రోలుకు పాయింట్లు లేవు. సర్‌చార్జి ఒక శాతం వేసి వెనక్కి ఇస్తారు, దాని మీద వేసిన జీఎస్టీ మాత్రం ఇవ్వరు. ఈఎంఐ పెట్టినా పాయింట్లు లేవు. చేపల మార్కెట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కడదామంటే అదీ కుదరదు, ఎందుకంటే యూపీఐకి కలిపేది రూపే (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి మన దేశపు కార్డు రకం) క్రెడిట్ కార్డునే, నాది రూపే కాదు. రూపే అయినా, దుకాణం పేరు మీద తీసుకున్న క్యూఆర్ ఉండాలి, చేపలమ్మి సొంత ఫోన్ నంబరుకు క్రెడిట్ కార్డు నుంచి పోదు. ఇంట్లో రోజువారీ ఖర్చులో సగం ఇట్టాంటి చోట్లే అవుతుంది మనకు. కూరగాయలు, పాలు, చేపలు, ఆటో, ఇస్త్రీ. వీటిలో దేనికీ ఆ కార్డు పనికిరాలేదు.

ఇక సంక్రాంతి. అసలు దెబ్బ అక్కడే తగిలింది. డిసెంబర్ బిల్లు రూ.11,860, కట్టాల్సిన ఆఖరు తేదీ జనవరి 14. భోగి ముందు రోజే అమ్మ వాళ్ల ఊరు పోయాం, అక్కడ ముగ్గులు, అరిసెలు, పిల్లలు, మెసేజ్ వచ్చింది గానీ చూసే తీరిక ఎవరికుంది. 19న నెల్లూరు వచ్చాక చూసి కట్టాను. డబ్బు లేక కాదు, ఖాతాలో ఉంది, మరిచిపోయాను అంతే. తర్వాత బిల్లులో ఆలస్య రుసుము 900, వడ్డీ 612, రెండింటి మీదా జీఎస్టీ 272, మొత్తం రూ.1,784. అయిదు రోజులకు ఇంత వడ్డీ ఏందబ్బా అని ఒంగోలులో బ్యాంకులో పనిచేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఏందక్కా నువ్వు, అయిదు రోజులకు కాదు, గడువు తప్పితే నువ్వు కొన్న రోజు నుంచీ లెక్క వేస్తారు. ఆ తర్వాత కొన్నవాటికి కూడా అప్పటి నుంచే మీటరు తిరుగుతుంది" అన్నాడు.

ఎంత వడ్డీ అని అడిగితే నెలకు మూడున్నర శాతం అన్నాడు. మన భాషలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చారంటేనే మా ఇంట్లో గుండెలు బాదుకుంటారు, అట్టాంటిది పండక్కి అరిసెలు తింటూ మూడున్నర రూపాయల వడ్డీ కట్టానన్నమాట. దీనికి హద్దు లేదా అంటే, 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం మించి తీసుకోకూడదని చెప్పింది గానీ, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసిందని చెప్పాడు. ఇంకో ముక్క కూడా చెప్పాడు, ఇది మీరు గుర్తుపెట్టుకోండి: రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం గడువు దాటి మూడు రోజుల కంటే ఎక్కువ అయితేనే ఆలస్య రుసుము వేయాలి. కనుమ రోజో, ఆ మర్నాడో కట్టి ఉంటే ఆ 900 పడేది కాదు. వడ్డీ మాత్రం పడేది. ఆ రోజే ఆటో పే, అంటే గడువుకు ఖాతాలోంచి బిల్లు దానంతట అదే కట్టేసే ఏర్పాటు, పెట్టేశాను, అదీ మొత్తం బిల్లుకు. యాప్ దానంతట అది మినిమం డ్యూ మీద టిక్కు పెట్టి చూపిస్తుంది, దాన్ని మార్చాలి. మినిమం అంటే బిల్లులో ఏ 5 శాతమో కట్టడం, మిగతా 95 శాతం మీద మూడున్నర రూపాయలు నడుస్తూనే ఉంటాయి.

సరే, కూడికలు తీసివేతలు. వచ్చింది 4,020. ఫీజు 589, సంక్రాంతి జరిమానా 1,784 తీసేస్తే మిగిలింది 1,647. కార్డు మీద ఏడాదంతా గీకింది 1,29,400. అంటే నూటికి రూపాయి పావలా. సంక్రాంతి తప్పు నాదే కాబట్టి దాన్ని పక్కన పెడితే నూటికి రెండు రూపాయల అరవై అయిదు పైసలు. పలక మీద రాసిన 5 శాతం ఏ లెక్కలోనూ కనపడలేదు. లక్షన్నర అయితే ఫీజు వెనక్కి ఇస్తారు కదా, ఇంకా 20,600 ఏదో ఒకటి కొనేస్తే సరిపోయేది అని మా ఆయన సెప్టెంబర్లో నిజంగానే అన్నాడు. 589 కోసం ఇరవై వేలు. ఆయన లెక్కల మాస్టారు, అయినా అన్నాడు. ఈ కార్డుకు ఆ మహిమ ఉంది.

ఇంతవరకూ కార్డు లెక్క. నన్ను నిజంగా బాధపెట్టింది నోటుబుక్కులో వెనక పేజీలు. కార్డు లేని అంతకు ముందు ఏడాది వెచ్చాల ఖర్చు సగటున నెలకు 6,200. కార్డు వచ్చాక ఆ షాపులోనే 7,300 దాటింది. ఏడాదికి దాదాపు 14,000 ఎక్కువ. ధరలు పెరిగాయి, ఒప్పుకుంటాను, సగం దానికే పోయిందనుకుందాం. మిగతా ఏడు వేలూ? బిల్లులు తిరగేస్తే దొరికాయి: ఎవరూ తినని ఓట్స్ రెండు డబ్బాలు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని తెచ్చిన ఫేస్ వాష్‌లు, ఇంట్లో రెండు ఉండగా మూడో నాన్‌స్టిక్ పెనం. చేత్తో నోట్లు ఇచ్చేటప్పుడు సంచిలోంచి తీసి పక్కన పెట్టేసే వస్తువులన్నీ, కార్డు ఇచ్చేటప్పుడు "ఎట్టాగూ 5 శాతం వస్తుందిలే" అని లోపలికి వచ్చేశాయి.

ఇంకో పరీక్ష చేశాను. జూన్‌లో ఒకే చీటీ రెండు చోట్ల అడిగాను. కందిపప్పు 3 కేజీలు, మినపగుళ్లు 3 కేజీలు, శనగపప్పు, చింతపండు, ఎండు మిరపకాయలు, శనక్కాయ విత్తనాలు. ఆ షాపులో ప్యాకెట్ల మీద కూడితే రూ.2,180. స్టోన్‌హౌస్‌పేటలో మేము ఎప్పుడూ తెచ్చుకునే అంగడిలో రూ.1,935. అంగడాయన చీటీ చూసి, కందిపప్పు గుప్పెడు తీసి నా అరచేతిలో పోసి, "చూసుకోమ్మా, గింజ గింజకీ తేడా తెలుస్తుంది, పురుగు మందు వాసన ఉందేమో చూడు" అన్నాడు. 245 రూపాయలు తేడా. అటు 2,180 మీద కార్డు ఇచ్చేది 109. మాది వేదాయపాళెం, స్టోన్‌హౌస్‌పేట ఊరికి ఆ చివర, పోయి రావడానికి పెట్రోలు ఒక నలభై యాభై వేసుకున్నా అంగడే నెగ్గింది. కానీ ఒకటి, న్యాయంగా చెప్పాలి. బట్టల సబ్బు పౌడరు, ఒంటి సబ్బులు, టీ పొడి, పేస్టు దగ్గర మాత్రం అంగడాయన ఎంఆర్‌పీకి రెండు మూడు రూపాయలు తగ్గిస్తాడు అంతే, సూపర్ మార్కెట్లో అవే సామాన్లు రూ.1,290 నుంచి 1,120కి వచ్చాయి. అది కార్డు లేకపోయినా వచ్చే తగ్గింపే. బియ్యం గోల లేదు, 25 కేజీల బస్తా ఎప్పుడూ మిల్లు దగ్గరే.

మరి ఎవరికి పనికొస్తుంది? నెలకు సరిగ్గా ఆరేడు వేలు అదే షాపులో, కార్డు ఉన్నా లేకపోయినా కొనే ఇల్లు అయితే, ఆటో పే మొత్తం బిల్లుకు పెట్టుకుంటే, ఫీజు పోను ఏడాదికి మూడు వేల పైచిలుకు మిగులుతుంది, కాదనను. మా వీధిలో హాస్టల్ నడిపే ఆవిడ నన్ను చూసి తీసుకుందామనుకుంది, ఆమె నెలకు నలభై వేల సరుకు కొంటుంది. వద్దని చెప్పాను, ఆమెకూ అదే 350. జీతం రాకముందే కార్డు మీద వాడి జీతంలో సర్దుదాం అనుకునే ఇల్లయితే ఆ టేబుల్ దగ్గర ఆగనే ఆగొద్దు.

రెండో ఏడు ఫీజు పడకముందే క్లోజ్ చేద్దామని అక్టోబర్ మొదట్లో ఫోన్ చేశాను. ఎందుకు మేడం, మీకు 300 బోనస్ పాయింట్లు ఇస్తాం, ఫీజు సగం తగ్గిస్తాం అని పావుగంట బతిమాలారు. క్లోజ్ చేస్తే పాయింట్లు పోతాయని కూడా అప్పుడే చెప్పారు, అందుకని ఫోన్ పెట్టేసి ముందు మిగిలినవి వాడేద్దామని షాపుకు పోయాను. 640 పాయింట్లు. కౌంటర్లో అమ్మాయి పాపం రెండుసార్లు కొట్టి చూసి, సర్వర్ రావట్లేదు మేడం రేపు రండి అంది. మర్నాడు మళ్లీ పోయి సర్ఫు, టీ పొడి, కొబ్బరినూనె తెచ్చుకుని, ఆ సాయంత్రమే బాకీ ఏమీ లేదని చూసుకుని క్లోజ్ చేయమని మెయిల్ పెట్టాను. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో క్లోజ్ చేయాలి, చేయకపోతే రోజుకు 500 చొప్పున వాళ్లే మనకు కట్టాలి, 2022 జూలై నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది, తమ్ముడు చెప్పినట్టే ఆ మాట కూడా మెయిల్‌లో రాశాను. నాలుగో రోజు మెసేజ్ వచ్చింది. కార్డును కత్తెరతో నాలుగు ముక్కలు చేసి నోటుబుక్కులో అక్టోబర్ పేజీకి పిన్ను కొట్టాను.

మొన్న మళ్లీ ఆ షాపుకే పోయాను, సబ్బులకు. టేబుల్ దగ్గర ఇప్పుడు వేరే పిల్లాడు ఉన్నాడు. ఈసారి హాట్ బాక్స్ కాదు, వాటర్ బాటిల్ ఇస్తున్నారు.