రాత్రి ముహూర్తాలకు పోర్ట్రా 400, 800: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

2011 నుంచి పెళ్లిళ్లలో, ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక వచ్చే ముహూర్తాలలో, కొడాక్ పోర్ట్రా 400, 800 ఫిల్ములను నికాన్ ఎఫ్ఎం2 కెమెరాతోనూ పాత వివిటార్ 283 ఫ్లాష్‌తోనూ వాడుతున్నాను. వెలుతురు తక్కువైతే స్పీడు (వెలుగుకు స్పందించే గుణం, అంటే ఐఎస్ఓ అంకె) ఎక్కువున్న ఫిల్మే వేయాలని మొదట్లో నేనూ అనుకున్నాను; ఇప్పుడు నా సంచిలో ఎక్కువ భాగం 400 రోల్సే ఉంటున్నాయి.

కారణం ఫ్లాష్ లెక్కలో ఉంది. ఈ ఫ్లాష్ గైడ్ నంబరు (ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె; దాన్ని అపర్చర్‌తో భాగిస్తే వెలుగు అందే దూరం వస్తుంది) ఐఎస్ఓ 100 వద్ద మీటర్లలో సుమారు 36. ఐఎస్ఓ 400కు అది 72 అవుతుంది కనుక, ఎఫ్/5.6 అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం; అంకె తగ్గేకొద్దీ పెద్దది) వద్ద పన్నెండు మీటర్లకు పైగా వెలుగు అందుతుంది. మండపం మెట్ల దగ్గర నిలబడి తీసేవారికి అంతకన్నా అక్కరలేదు. ఫ్లాష్‌ను పసుపు రంగు ఆటో గుర్తుపై (తిరిగి వచ్చే వెలుగును సెన్సారు కొలిచి ఫ్లాష్‌ను తానే ఆపే అమరిక) ఉంచి, అపర్చర్‌ను 5.6కు పెట్టి, షట్టరును మాత్రం 1/30 సెకనుకు దించుతాను. ఈ కెమెరాలో 1/250 వరకు ఫ్లాష్ పనిచేస్తుంది గాని, ఆ వేగంలో తీస్తే పీటల వెనుక కూర్చున్న మేనమామలూ పిన్నమ్మలూ చీకట్లో కలిసిపోతారు. 1/30లో పందిట్లోని బల్బుల వెలుగు కొంతైనా ఫిల్ముకు ఎక్కుతుంది. తలంబ్రాల గింజలకు సన్నని తోక కనిపించడం కొందరికి లోపం, నాకు మాత్రం ఇష్టం.

నేను బాగా దెబ్బతిన్నది మధుపర్కాల దగ్గర. తెల్లబట్టల నుంచి వెలుగు ఎక్కువగా తిరిగి రావడంతో ఆటో సెన్సారు ఫ్లాష్‌ను ముందే ఆపివేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అందుకే ఆ ఘట్టంలో అపర్చర్‌ను ఎఫ్/4కు తెరుస్తాను. పోర్ట్రా వంటి కలర్ నెగటివ్ ఫిల్ము ఎక్కువ వెలుగును ఓర్చుకున్నట్లు తక్కువ వెలుగును ఓర్చుకోదు. తెల్లని సీలింగు ఉన్న హాలులోనైతే ఫ్లాష్ తలను పైకి తిప్పుతాను. రంగుగుడ్డ పందిరిలో అలా చేస్తే ముఖాలకు ఆ రంగే అంటుకుంటుంది.

హోమం దగ్గర ఫ్లాష్ ఎదురుగా కొడితే పొగ తప్ప మరేమీ కనబడదు కనుక, అక్కడే 800 అవసరం. ఫ్లాష్ ఆపి, 50 ఎంఎం లెన్సును ఎఫ్/1.8కు తెరచి, 1/60లో తీస్తాను. వెలుగు కొలిచే మీటరును మాత్రం 400కు పెడతాను. బల్బు వెలుగులో నీలం తక్కువ కాబట్టి ఫిల్ములోని నీలి పొరకు ఆ అదనపు స్టాపు (రెట్టింపు వెలుగు) కావాలి. ఇది తెలియక పెట్టెమీది అంకెనే పాటించిన నా తొలి రోల్స్‌లో నీడలు బురదగా, గ్రెయిన్ (ఫిల్ములో కనిపించే చుక్కలు) ముతకగా వచ్చాయి. ఇప్పుడు 800 రోల్ రెండో కెమెరా బాడీలో సిద్ధంగా ఉంటుంది. మంత్రాల మధ్య రోల్ మార్చుకునే తీరిక పురోహితుడు ఇవ్వరు.